బస్సు ఖాళీగ పోవద్దు

ఇటు దగ్గరికి జరుగు నిస్సీ. ఆ ఫోను బోర్లా పెట్టి, చెవి నా వైపు పెట్టు. గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు, ఇది గట్టిగా చెప్పే సంగతీ కాదు. అప్పటి ఎండాకాలం నువ్వు జహీరాబాద్ హాస్టల్లో ఉండి నర్సు పరీక్షలు రాస్తున్నావు. మన ఇంట్లో ఏం జరిగిందో నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. మీ నాన్న దశరథ్‌ని అడిగితే లేచి బయటికి పోతాడు. మీ అమ్మ మొదలుపెడుతుంది గానీ నడిమధ్యలో ఏడుస్తుంది. అందుకని నేనే చెబుతాను. విను.

మన ఊరి నైట్‌హాల్ట్ బస్సు నీకు తెలిసిందే. పొద్దుగూకే వేళకు నారాయణఖేడ్ నుంచి కంగ్టి మీదుగా వచ్చి, చర్చి గోడ పక్కన ఆగి, తెల్లారేదాకా అక్కడే ఉండేది. డ్రైవరు కిష్టప్ప, కండక్టరు సుభాష్ మన అరుగు మీద పడుకునేవారు. వాళ్లకు రొట్టె పెట్టే వంతు ఇంటింటికీ తిరిగేది. అయినా కిష్టప్ప ఎవరింట్లో తిన్నా చివరికి మన గడపలోకి వచ్చి, తన కన్నడం మాటలో "ఊట ఆయితా అత్తా?" అనేవాడు. అడిగేది నేను తిన్నానా అని. చూసేది మన కూర కుండ వైపు.

మీ తాత కాలేబుకు కిడ్నీలు పాడైనప్పటి నుంచి మంగళవారం, గురువారం, శనివారం ఖేడ్ దవాఖానలో రక్తం కడిగించుకోవాలి. తెల్లారి బస్సు ఎక్కితే సమయానికి మంచం దొరికేది. పని అయ్యాక అక్కడే చెట్టు కింద పడుకుని, మళ్లీ సాయంత్రం అదే బస్సులో ఇంటికి. డాక్టరు పెద్దగా ఏమీ చెప్పలేదు. "ఒక్కసారి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది పెద్దయ్యా, రెండుసార్లు వరసగా తప్పితే గుండె మీదికి వస్తుంది" అన్నాడు. ఆ మాట ఊరందరికీ తెలుసు. ఎందుకంటే మీ తాత దాన్ని బస్సంతా వినేలా, ఎవరికో జరిగిన వింతలాగా చెప్పేవాడు.

బస్సులో ఆయన పక్కన నేనుండేదాన్ని. మగవాళ్లకు మోటారు సైకిళ్లు వచ్చాయి. తెల్లారి బస్సెక్కేది ఆడవాళ్లమే. కూరగాయల గంపలతో కొందరు, సద్ది గిన్నెలతో మేస్త్రీ పనికి పోయేవాళ్లు కొందరు. ఆడవాళ్లకు ఛార్జీ లేదని సర్కారు చెప్పినప్పటి నుంచి టికెట్టు కొనేది ఒక్క మీ తాతే. ఆయన దాన్ని జేబులో కనపడేటట్టు పెట్టుకుని కూర్చునేవాడు.

"సుభాషూ, గీ బస్సుకు మాలీకును నేనే. పైసలిచ్చేటోన్ని నేనొక్కన్నే గద. వీళ్లంత నా చుట్టాలు, పోనీ అని ఎక్కించుకున్న."

వెనక సీటు నుంచి రామవ్వ అందుకునేది. మన పక్కింటి రామవ్వే. ఆమె నోటికి ఊళ్లో ఎదురు లేదు.

"మాలీకువైతే ముందుగాల ఈ సీటు రేకు సక్కగ చేయియ్యి పెద్దమనిషీ. నా చీరె చింపుతున్నది. కొత్త చీరె ఇప్పిస్తవా, కోర్టు దావ ఖర్చు పెట్టుకుంటవా?"

"నీకు చీరె ఇప్పిస్తె లీలమ్మ నన్ను బస్సుల కెళ్లి దింపుతది" అనేవాడు మీ తాత నన్ను చూపించి. బస్సంతా నవ్వేది. సుభాష్ కూడా నవ్వేవాడు, కానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. కొత్తగా పెళ్లైన పిల్లవాడు. మేమంతా ఆడవాళ్లం కలిసి వాణ్ని పెంచుతున్నట్టే ఉండేది. జ్వరం వస్తే కషాయం కాచింది రామవ్వే.

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా మూడు వారాలుందనగా ఒక సాయంత్రం కిష్టప్ప మన అరుగు మీద రొట్టె తింటూ, ఉత్తగా ఒక మాట అన్నాడు.

"అవతలి దిక్కు ఒక ఊరి బస్సు బందు పెట్టిండ్రత్తా. లాస్ రూటంట. నడిపితె డిపోకు నష్టమంట."

రామవ్వ ఉల్లిగడ్డ అడగడానికి వచ్చి నిలబడి ఉంది. ఆ మాట విన్నది. ఉల్లిగడ్డ తీసుకోకుండానే ఇంటికి పోయింది. మర్నాడు బోరింగు దగ్గర ఆడవాళ్లందరినీ పోగు చేసింది.

"మనం పైసలియ్యక ఎక్కుతున్నం. నిజమా కాదా? కండక్టరు మనకు జీరో టికెట్ అని ఒకటి కొడుతుండు. జీరో అంటె ఏంది? సున్న. ఇంతమందికి ఇన్ని సున్నలు కొడితె డిపోల ఏమనుకుంటరు? గీ ఊరు మొత్తం ఉత్తపున్యానికి తిరుగుతున్నదని అనుకుంటరు. ఆ ఊరి లెక్కనే మనదీ బందు పెడ్తరు. బస్సు బందైతె కాలేబన్న దవాఖానకు ఎట్ల పోతడు?"

"మరి ఏం చేద్దామంటవు?" అని మీ అమ్మ అడిగింది.

"టికెట్ కొట్టనీయద్దు. మనం ఎక్కినట్టు బస్సుకు తెలిస్తె చాలు, డిపోకు తెల్వద్దు."

నిస్సీ, నువ్వు చదువుకున్నదానివి, నీకు ఇక్కడే నవ్వొస్తుంది. మాకు అప్పుడు రాలేదు. మాకు ఆ మాటలో న్యాయం కనిపించింది. పైసా ఇవ్వకుండా ఎక్కడం మొదటి నుంచీ పిలవని పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నట్టే ఉండేది. డిపోకు నష్టం తగ్గించినట్టూ అవుతుంది, బస్సును నిలబెట్టుకున్నట్టూ అవుతుంది అనుకున్నాం. మీ తాత కూడా విని తల ఊపాడు. "రామవ్వ ఒక్కపారి నోరు మంచికి తెరిసింది" అన్నాడు.

మర్నాడు బస్సులో సుభాష్ మిషన్ పట్టుకుని వచ్చాడు.

"ఆధార్ తియ్యిండ్రి అవ్వా."

"నాకద్దు బిడ్డా."

"వద్దంటె ఎట్ల? కొట్టాలె. రూలు."

"నేను తీసుకున్న" అన్నది ఒకామె. "నేను వంపు కాడ దిగుత, గంతదానికేంది" అన్నది ఇంకొకామె. ఆమె ఏనాడూ ఖేడ్ రాకముందు దిగింది లేదు. సుభాష్ ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరి దగ్గరికి తిరిగి, చివరికి రామవ్వ ముందు నిలబడ్డాడు.

"పెద్దవ్వా, చెకింగోళ్లొస్తె నా నౌకరి పోతది."

"గీ గుంతల రోడ్డుకు చెకింగోళ్లు వస్తరార? వాళ్ల నడుములు ఇరుగయా? నీ నౌకరి నిలవడాలంటె ముందుగాల బస్సు నిలవడాలె. మా బస్సును నువ్వే ముంచుతవా?"

ముందు నుంచి కిష్టప్ప అద్దంలో చూసి, "ఇడిసిపెట్టు తమ్మీ, అమ్మలక్కలతోని గెలుస్తవా" అన్నాడు. సుభాష్ మీ తాతకు మాత్రం టికెట్టు కొట్టి, మిషన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అట్లా మొదలైంది. ఒకరోజు కాదు, అదే అలవాటైంది. ఒక్కోసారి పిల్లవాడు మొండికేస్తే రామవ్వ వాడి నోట్లో బెల్లం ముక్క పెట్టేది.

ఈస్టర్ అయిన వారంలో ఒక సాయంత్రం బస్సు రాలేదు.

టైరు పోయిందేమో అనుకున్నాం. పొద్దున దాంట్లో పోయినవాళ్లు ఆటోల్లో ఇల్లు చేరారు. ఆ రాత్రి వంతు మనదే. మీ అమ్మ రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టింది, తెల్లారి అవి బర్రెకు వేశాం. మర్నాడూ రాలేదు. మీ నాన్న కంగ్టికి పోయి అడిగి వచ్చి, చెప్పులు విడవకుండానే చెప్పాడు.

"మన బస్సు బందు పెట్టిండ్రంట. ఎక్కేటోళ్లు లేరంట."

"ఎవడన్నడు?" అని రామవ్వ గోడ మీది నుంచి అరిచింది. "ఎక్కేటోళ్లు లేకుంటె మొన్న నా కాలు తొక్కిందెవలు?"

ఎవరో కంగ్టివాళ్లు మన బస్సును తమ వైపు తిప్పుకున్నారని ఊళ్లో అనుకున్నారు. అందరం కంగ్టివాళ్లను తిట్టాం. పాపం, వాళ్లకేమీ తెలియదు.

ఆ తర్వాతి రోజులు నీకు ఎట్లా చెప్పాలి? ఎండలు ముదిరాయి. మీ నాన్న ఎవరి బండైనా అడిగి తెచ్చి, మీ తాతను వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలతో తన నడుముకు కట్టుకునేవాడు. దారిలో తల తిరిగి వాలిపోతే పడిపోకుండా. ఖేడ్‌లో మంచం ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ వరండాలో ఉండేవారు. ఆ రోజు మీ నాన్నకు కూలి లేదు. వచ్చేటప్పుడు మీ తాత కళ్లు, ముక్కు, చెవుల నిండా దుమ్ము. దిగి నిలబడలేక నా భుజం పట్టుకుని, "నీ కొడుకు బస్సు తోలినట్టు తోలుతుండే, గని టికెట్ ఇస్తలేడు" అనేవాడు.

ఒంట్లో నీరు చేరకుండా ఆయనకు నీళ్లు కొలిచి ఇవ్వాలి కదా. బయట రాయి పగిలే ఎండ. నాలుక అట్ట కట్టేది. నేను పెట్టే చిన్న గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ముందు చూసి, తర్వాత పెదాలు తడుపుకుని, తర్వాత తాగేవాడు. నేనూ ఆయన ముందు నీళ్లు తాగడం మానేశాను. ఇంటి వెనకకు పోయి తాగేదాన్ని. ఒకరోజు చూశాడు.

"ఇక్కన్నే తాగు. నువ్వు తాగుతుంటె సూసినా నాకు కొంచెం సల్లగైతది."

ఆ మాట విన్నాక ఆయన ముందే తాగాను, నిస్సీ. అట్లాంటి నీళ్లు నేనెన్నడూ తాగలేదు.

ఒక గురువారం బండి దొరకలేదు. బండివాళ్లు కల్హేర్‌లో పెళ్లికి పోయారు. మీ నాన్న ఊరంతా తిరిగాడు. ఆటోవాణ్ని పిలిస్తే సీట్లు నిండందే రానన్నాడు. ఎండ నెత్తి మీదికొచ్చాక మీ తాతే, "ఇగ ఇయ్యాలటికి ఊకో దశరథా. శనివారం పోదాం" అన్నాడు. సాయంత్రానికి కాళ్లు ఉబ్బాయి. నేను వేలితో నొక్కితే గుంట పడి, లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆ గుంట రామవ్వ చూసింది. శుక్రవారం పొద్దున్నే ఆడవాళ్లందరినీ ఒక ట్రాక్టరు ట్రాలీ ఎక్కించింది. నన్నూ ఎక్కించింది. నేరుగా డిపోకు పోయాం.

మేనేజరు మంచివాడే. మమ్మల్ని ఎండలో నిలబెట్టలేదు, ఫ్యాను కింద కూర్చోమన్నాడు. రామవ్వ కూర్చోలేదు.

"మా బస్సు మాకియ్యాలె సార్. ఇయ్యకుంటె ఈన్నే వండుకుంటం, ఈన్నే తింటం."

"అమ్మా, నేను కూడా ఊరికే తియ్యలేదు" అన్నాడాయన. "ఎక్కేటోళ్లుంటె ఎందుకు తీస్తం? రోజు మీ ఊరి కెళ్లి ఎవరెక్కుతున్నరో నాకు మిషన్ల వస్తది. తీసేముందు నెల రోజులు చూసిన. వారానికి మూడు దినాలు ఒక్క మనిషి. పెద్దమనుషుల రాయితీ టికెట్. కడమ దినాలు అదీ లేదు. ఒక్క ముసలాయన కోసం బస్సు నడిపేదెట్లమ్మా?"

ఫ్యాను తిరుగుతూనే ఉంది. 

"మేమంత ఎక్కినం సార్" అన్నది రామవ్వ. గొంతు ఆమెది కాదు. "జీరోలు మేమే కొట్టనీయలే. మీకు నష్టమైతదని."

మేనేజరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నష్టమెట్లయితదమ్మా? ఒక్కొక్క జీరో టికెట్‌కు సర్కారు మాకు పైసలు కడతది. మీరు ఎన్ని కొట్టించుకుంటె మీ బస్సుకు అంత బలం."

రామవ్వ అప్పుడు కూర్చుంది. కుర్చీలో కాదు, నేల మీద. కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి లేచి, "పిలగాని తప్పు లేదు సార్. వాని నోరు మేమే మూసినం. వాన్ని ఏమనకుండ్రి" అంది. సుభాష్‌కు అప్పటికే మెమో ఇచ్చారట. తీసివేయకుండా చూస్తానని ఆయన మాట ఇచ్చాడు. బస్సుకూ మాట ఇచ్చాడు.

"సోమవారం పొద్దుగూకే టైముకు పంపిస్త. ఒక్క నెల చూస్త. మళ్ల ఖాళీగ వస్తె నా చేతుల లేదు. పైవాళ్లు నన్నడుగుతరు."

వచ్చేటప్పుడు ట్రాలీలో అందరూ పాడుతున్నారు. రామవ్వ ఒక్కతే పాడలేదు. ఇంటికి రాగానే మంచంలో ఉన్న మీ తాత దగ్గరికి పోయి, చేతులు రెండూ పట్టుకుంది.

"నన్ను సెప్పుతోని కొట్టన్నా."

అంతా విని మీ తాత చాలాసేపు నవ్వాడు. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. "అంటె గిన్ని దినాలు డిపోల కూసోని నా ఒక్కని మొకమే సూసిండన్నట్టు. సెప్పలే మీకు, మాలీకును నేనేనని? నీ సీటు రేకు ఇంక సక్కగ చేయియ్యకపోతి." ఆయన నవ్వుతుంటే రామవ్వ ఏడ్చింది.

అదే సాయంత్రం మీ నాన్న శనివారానికి బండి అడిగి తెచ్చాడు. పెట్రోలు పోయించి, దొడ్లో నిలబెట్టాడు.

"పొద్దుగాలనే పోదాం బాపూ."

"ఎందుకురా? సోమవారం బస్సొస్తున్నది గద. మంగళవారం సల్లగ బస్సులనే పోత."

"నిన్న తప్పింది. రేపు తప్పొద్దు."

"ఆ బండి మీద నా పేగులు కలవడుతున్నయిర. మంచిగనే ఉన్న. నీ కూలి ఎన్నిమాట్ల పోగొట్టుకుంటవు? మూడు దినాలు ఓపిక పడితె నా సీట్ల నేను కూసోని పోత."

మీ నాన్న నా ముఖం చూశాడు. నేను ఆయన కాళ్లు చూశాను. నాకు నచ్చలేదు. అదే చెప్పాను. "సప్పుడు చెయ్యకే, బస్సొస్తున్నది" అన్నాడు మీ తాత. ఆ మాట అంత సంబరంగా అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం అట్లా వెలగడం చూసి, ఇద్దరం ఇంక ఏమీ అనలేకపోయాం. శనివారం బండి దొడ్లోనే ఉంది.

ఆదివారం చర్చికి రాలేనన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడక, మూడు మెత్తలు పెట్టించుకుని కూర్చునే ఉన్నాడు. సోమవారం మధ్యాహ్నం తెల్ల అంగీ అడిగాడు. రేపటికి ఉతికి పెట్టమంటున్నాడని అనుకున్నాను. "ఇప్పుడే తొడుగు. బస్సొచ్చినంక కిష్టప్ప వస్తడు" అన్నాడు. గుండీలు పెడుతున్నాను. పై గుండీ దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. మీ నాన్న 108కు ఫోను చేస్తూ బయటికి పరిగెత్తాడు. ఆ ఫోను అవతలి వాళ్లు ఎత్తి, ఊరి పేరు అడుగుతుండగానే, నేను మీ నాన్నను లోపలికి రమ్మని పిలిచాను.

పొద్దుగూకే వేళకు బస్సు వచ్చింది. కిష్టప్ప మూలమలుపు నుంచే హారను కొట్టుకుంటూ వచ్చి, చర్చి దగ్గర ఆపి, దూకి దిగి, "మామా! నీ బస్సు తెచ్చిన, బయటికి రా!" అని అరుచుకుంటూ మన వాకిట్లోకి వచ్చాడు. వెనక సుభాష్. వాకిట్లో జనం పక్కకు జరిగారు. మీ తాత తెల్ల అంగీతో బల్ల మీద పడుకుని ఉన్నాడు. కిష్టప్ప టోపీ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. ఆ రాత్రి ఊళ్లో ఎవరూ రొట్టె చేయలేదు.

తెల్లారింది. సమాధి మధ్యాహ్నం, నువ్వు వచ్చాక. బస్సు బయలుదేరాలి. కిష్టప్ప ఇంజను వేశాడు గానీ కదలలేదు. మన వాకిట్లో ఊరి ఆడవాళ్లందరూ కూర్చుని ఉన్నారు. ఎవరూ గంపలు ఎత్తలేదు, ఎవరూ సద్ది కట్టుకోలేదు. శవం ఇంట్లో ఉండగా ఎవరు పనికి పోతారు? సుభాష్ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.  చేతిలో మిషన్ ఉంది.

నాకు మేనేజరు మాట గుర్తొచ్చింది. మళ్లీ ఖాళీగా వస్తే నా చేతుల్లో లేదు అన్నాడు. మొదటి రోజే ఖాళీగా పోతుంది. మన ఊళ్లో ఇంకొకరికి రక్తం కడిగించుకోవలసి రావచ్చు. ఇంకొకామెకు నొప్పులు రావచ్చు. నేను ఆయన కాళ్ల దగ్గరి నుంచి లేచాను.

"రామవ్వా, లెవ్వు. అందరిని లేపు. పోయి బస్సెక్కుండ్రి."

"నీకు మతి పోయిందా అక్కా? అన్నను గిట్ల పెట్టి?"

"బస్సు ఖాళీగ పోవద్దు. వాగు దాటినంక దిగి నడిసి రాండ్రి. అందాక నేనున్న, దశరథుడున్నడు. టికెట్లు కొట్టించుకోండ్రి."

రామవ్వ నా ముఖంలోకి చూసింది. తర్వాత కొంగు నడుముకు చుట్టింది. ఒకరి వెనక ఒకరు లేచారు. మీ అమ్మను కూడా పంపాను. ముసలివాళ్లు, బాలింతలు, చంకలో పిల్లలున్నవాళ్లు అందరూ పోయారు. వాకిలి ఒక్కసారిగా పెద్దదైంది. బస్సు చర్చి దగ్గరే ఆగి ఉంది, తలుపు తెరిచి. సుభాష్ ఒక్కొక్కరినీ ఆధార్ చూపించమంటున్నాడు, ముక్కు తుడుచుకుంటున్నాడు, మిషన్ కిర్రుమంటున్నది.  ఆ మిషన్ చప్పుడొక్కటే మన వాకిటి దాకా వచ్చింది. నేను మీ తాత తల దగ్గర కూర్చుని ఆ చప్పుడు అయిపోయేదాకా విన్నాను. చాలాసేపు పట్టింది. అప్పుడు బస్సు కదిలింది.

నువ్వు వచ్చేటప్పటికి వాళ్లు ఎండలో వాగు దిక్కు నుంచి నడిచి వస్తున్నారు. వీళ్లంతా ఎక్కడికి పోయారని నన్ను అడిగావు. నేనేమీ చెప్పలేదు. మన చుట్టాలు ఇప్పటికీ అంటుంటారు, కాలేబు శవాన్ని వాకిట్లో పెట్టి ఊరి ఆడవాళ్లంతా బస్సెక్కి ఊరేగడానికి పోయారని. మనూర్‌లో మీ అత్తగారి వాళ్ల చెవిన కూడా ఆ మాట పడింది. రామవ్వ ఎవరికీ జవాబు చెప్పదు. ఆ ఎండాకాలం తర్వాత ఆమె నోరు బాగా తగ్గింది.

అందుకే నీకు చెబుతున్నాను. నేను పోయాక ఈ సంగతి చెప్పేదానివి నువ్వే. నీ దవాఖానలో, నీ అత్తగారింట్లో, ఎవరు ఎత్తినా అడ్డం పడు. మొదటి నుంచి చెప్పు, తొందరపడకు. మేము తెలివితక్కువ వాళ్లమని చెబితే చెప్పు, అది నిజమే. రామవ్వ వల్ల ఆయన పోయాడని మాత్రం నీ నోట రానివ్వకు. ఆయన దవాఖానకు పోవాలని ఆమె ఆ పని చేసిందని చెప్పు. ఆ పొద్దున ఆడవాళ్లను లేపి పంపింది లీలమ్మేనని, శవం పక్కన కూర్చుంటానని తానే అన్నదని చెప్పు. నీకు పిల్లలు పుడితే వాళ్లకూ చెప్పు. ఇప్పుడు ఒకసారి నాకు చెప్పి చూపించు, ఎక్కడైనా తప్పితే సరిచేస్తాను.